బాడీయా, లెన్సా: మీ అక్క ఫోటో విషయమై

ఫిబ్రవరి 2

బావమరిదికి,

విషయం: కెమెరా బాడీ మార్చవలెనా, లేక లెన్సులు కొనవలెనా అనే అంశంపై నీ అభిప్రాయం కోరడం గురించి.

ఇక్కడ మేం క్షేమం. అక్కడ నువ్వూ, మీ ఆవిడా, నీ కళ్ళద్దాల దుకాణమూ క్షేమమనే భావిస్తున్నాను. కాకపోతే ఈపాటికి మీ అక్కకు నీ ఫోన్ వచ్చి ఉండేది, ఆమె ఫోన్ చెవిన పెట్టుకుని ముప్పావుగంట బాల్కనీలో అటూ ఇటూ నడిచి ఉండేది, నేను కాఫీ నేనే కలుపుకుని ఉండేవాణ్ణి.

ఈ సంగతి ఫోన్లోనే అడగవచ్చు కదా అంటావు. ఫోన్లో అన్న మాటకు దాఖలా ఉండదు. తూనికలు, కొలతల శాఖలో ఇరవై మూడేళ్ళుగా తనిఖీ అధికారిగా ఉన్నవాణ్ణి. దాఖలా లేని మాటను నేను మాటగా లెక్కించను.

నీకు తెలిసినదే అయినా క్రమం కోసం మళ్ళీ రాస్తున్నాను. గత నెల మొదటి తేదీ నుంచి మీ అక్క తమ నర్సింగ్ పాఠశాలకు ప్రిన్సిపాల్ అయింది. ప్రిన్సిపాల్ గది బయట వరండాలో ఇంతకుముందు పనిచేసిన ఆరుగురి ఫోటోలు వరసగా ఉన్నాయి. ఏడో ఫోటోకు మేకు కొట్టి ఉంచారు. ఏప్రిల్ నెలాఖరు లోపల ఫోటో ఇవ్వాలి. ప్రతి ఫోటో కింద చిన్న ఇత్తడి రేకు మీద, తీసినవారి పేరు చెక్కి ఉంటుంది. ఆ రేకు మీద ఎవరి పేరుండాలన్న విషయంలో నాకు ఏ సందేహమూ లేకపోయింది.

గత ఆదివారం నేను ముప్పై ఒక్క ఫోటోలు తీశాను. ముప్పై ఒకటీ చూసి మీ అక్క, "ఇది నేను కాదండీ, నా గుర్తింపు కార్డు" అంది.

ఇదిలా ఉండగా, మా ముందుగదిలో ఒక ఫోటో ఉంది. రెండేళ్ళ కిందట మేం మీ ఇంటికి వచ్చినప్పుడు, మీ వంటింటి వెనక మెట్టు మీద కూర్చుని మీ అక్క బఠాణీలు ఒలుస్తుంటే నువ్వు తీసినది. కళ్ళు దాదాపు మూసుకుపోయేలా నవ్వుతోంది. ఒక చెయ్యి 'ఇక చాలు' అన్నట్టు పైకి లేచి ఉంది. మా ఇంటికి వచ్చిన ప్రతివాడూ చెప్పులు విప్పకముందే, "ఎవరు తీశారండీ?" అని అడుగుతాడు. "మా బావమరిది" అని ఇప్పటికి నేను పందొమ్మిదిసార్లు చెప్పాను. చెప్పడం అలవాటైంది. ఇష్టం కాలేదు.

నాకు తెలిసి నీ కెమెరా నాదానికంటే మంచిదేమీ కాదు. నాది ఎనిమిదేళ్ళ నాటి బాడీ, దానితోపాటు అదే పెట్టెలో వచ్చిన జూమ్ లెన్సు. కాబట్టి లోపం పరికరంలోనే ఉందని ప్రాథమికంగా నిర్ధారించడమైనది. ఏ భాగంలో ఉందన్నదే తేలాలి. కొత్త బాడీ కొనాలా, పాత బాడీ ఉంచి మంచి లెన్సు కొనాలా?

ఇది సలహా అడగడంగా భావించరాదు. అభిప్రాయ సేకరణ మాత్రమే.

ఇట్లు,
నీ బావ

తా.క. ఈ ఉత్తరం సంగతి మీ అక్కకు చెప్పనవసరం లేదు.

*

ఫిబ్రవరి 12

బావగారికి,

మీ లేఖ అందింది. కవరు మీద 'అతి ముఖ్యం' అని ఎర్ర సిరాతో ఉండటం చూసి మా ఆవిడ ముందు కుర్చీలో కూర్చుని, ఆ తర్వాత తెరిచింది. చదివాక లేచి వెళ్ళిపోయింది.

నా అభిప్రాయం ఒక్క మాటలో చెప్పాలంటే, లెన్సు. కొనకపోయినా ఫరవాలేదు, నాది పంపుతున్నాను. మీదీ నాదీ ఒకే కంపెనీ కనక సరిగ్గా సరిపోతుంది. యాభై మిల్లీమీటర్ల చిన్న లెన్సు, జూమ్ కాదు. ఆ మెట్టు మీద ఫోటో తీసింది దీనితోనే. మీ జూమ్ చివరిదాకా లాగితే లోపలికి వచ్చే వెలుగుకు ఇది దాదాపు పది రెట్లు తీసుకుంటుంది. వెనకున్న గోడ మసకబారి మనిషి ముందుకు వస్తుంది. బాడీలు రెండేళ్ళకోసారి పాతబడతాయి. మంచి గాజు పాతబడదు. పొద్దస్తమానం గాజు అరగదీసి బతికేవాణ్ణి, ఆ మాత్రం నాకు తెలుసు.

మొన్న దుకాణానికి ఒకాయన వచ్చాడు. ఏడాదిలో మూడు ఫ్రేములు మార్చాడు. "ఇంకా మసకగానే ఉందండీ" అన్నాడు. "అయ్యా, మూడు ఫ్రేముల్లోనూ మీరు పెట్టించుకున్నవి ఆ పాత అద్దాలే కదా" అన్నాను. "ఫ్రేము మాత్రం బాగుంది కదా?" అన్నాడు. బాగుందని ఒప్పుకున్నాను. ఆయన మీకేమైనా చుట్టమేమో కనుక్కోండి.

ఇంకొక చిన్న విషయం. నాలుగు రోజుల కిందట అక్క పాఠశాల గుమాస్తా నాకు ఫోన్ చేశాడు. మీ ఇంటికి ఏదో కాగితం మీద సంతకం కోసం వచ్చినప్పుడు ముందుగదిలో ఫోటో చూశాడట. "వరండాలో పెట్టడానికి ఆ ఫోటోయే పెద్ద సైజులో పంపగలరా?" అని అడిగాడు. నేను ఇంకా ఏమీ చెప్పలేదు. మీతో ఒక మాట అనుకుని చెబుదామని ఆగాను.

ఈమధ్య అక్క నాతో ఎనిమిది నిమిషాలకు మించి మాట్లాడటం లేదు. "మీ బావ పిలుస్తున్నార్రా, ఫోటోకి కూర్చోవాలట" అని పెట్టేస్తోంది. ఇది ఫిర్యాదు కాదు. దాఖలా కోసం రాస్తున్నాను.

మీ,
బావమరిది

*

ఫిబ్రవరి 20

బావమరిదికి,

సూచిక: నీ లేఖ, తేదీ 12.

నీ లెన్సు మూడు పొరల కాగితంలో, గీత పడకుండా చేరింది. బరువు నూట ఎనభై ఐదు గ్రాములు. పరీక్ష నిమిత్తం మాత్రమే స్వీకరించడమైనది. దీన్ని కృతజ్ఞతగా అర్థం చేసుకోరాదు.

నీ లేఖలో రెండు విషయాలున్నాయి. రెండో పేరాలో నన్ను కొత్త బాడీ కొనవద్దన్నావు. నాలుగో పేరాలో, నేను ఏ పోటీలో ఉన్నానో ఆ పోటీలో నువ్వూ ఉన్నావని తెలియజేశావు. ఈ రెండింటినీ ఒకే కవరులో ఎందుకు పెట్టావన్నది నేను అడగడం లేదు. తూకం వేసేవాడు సరుకు కూడా తనదే అమ్ముకుంటుంటే మా శాఖలో ఏం చేస్తామో చెబుతున్నానంతే. కాటా స్వాధీనం చేసుకుంటాం.

గుమాస్తాకు ఏం చెప్పాలన్నది నీ ఇష్టం. ఆమె నీకు అక్కే. అయితే ఇరవై రెండేళ్ళుగా నాకు భార్య. వరండాలో నడిచే నాలుగు వందల మంది విద్యార్థినులకు ఈ రెండు బంధుత్వాల్లో ఏది దగ్గరదో నేను చెప్పనక్కర్లేదు.

బాడీ విషయంలో నీ అభిప్రాయాన్ని, పై కారణం చేత, తిరస్కరించడమైనది. మా వీధి చివర కెమెరాల దుకాణంవాడితో మాట్లాడాను. సరికొత్త బాడీ, నలభై ఐదు మెగాపిక్సెళ్ళది, వచ్చే వారం మా ఇంటికి వస్తుంది.

ఈలోగా ఆ మెట్టు మీద ఫోటోకు సంబంధించి ఈ వివరాలు పంపు. లెన్సు ఎంత తెరిచావు, షట్టరు వేగమెంత, వేళ ఏది, వెలుగు ఎటునుంచి, నీకూ ఆమెకూ మధ్య దూరమెంత? చివరగా, మీట నొక్కే క్షణంలో మీ ఇద్దరి మధ్య జరిగిన సంభాషణ ఏమిటి?

చివరిది మీ అక్కనే అడిగాను. "అదా..." అని మొదలుపెట్టి, ఆ ఫోటోలో ఎలా ఉందో అలాగే నవ్వింది. కెమెరా అప్పుడు అల్మరాలో ఉంది. నేను తీసుకుని వచ్చేసరికి ఆమె గదిలో లేదు. చెప్పనూ లేదు.

వారం లోపల సమాధానం రావాలి.

నీ బావ

*

మార్చి 1

బావగారికి,

అడిగిన వివరాలు సమర్పిస్తున్నాను. లెన్సు తెరుపు రెండు పాయింట్ ఎనిమిది. షట్టరు వేగం సెకనులో మూడు వందల ఇరవయ్యో వంతు. వేళ ఉదయం పదీ నలభై. ఎండ నేరుగా పడలేదు. ఎదురుగా సున్నం వేసిన పక్కింటి గోడ మీద పడి, అక్కడినుంచి అక్క ముఖం మీదకు వచ్చింది. మా ఇద్దరి మధ్య దూరం ఒకటిన్నర మీటరు. ఒక గిన్నె బఠాణీలు కూడా మధ్యలో ఉన్నాయి.

సంభాషణ మాత్రం చెప్పడం కుదరదు. అక్క చెప్పొద్దంది. మీరు నన్ను లిఖితపూర్వకంగా అడిగినా, ప్రమాణం చేయించి అడిగినా అదే సమాధానం.

మీరు బంధుత్వాలు తూచారు కనక నేనూ ఒకటి తూస్తాను. మీరు అక్కను తీసుకువెళ్ళేనాటికి నాకు పదమూడేళ్ళు. అంతకుముందు ఆ నవ్వు మా ఇంట్లో ఉండేది. ఉచితంగా, ఏ వేళకు పడితే ఆ వేళకు, ఎవరూ ఏ మీటా నొక్కకుండానే వినపడేది. మీరు వచ్చి, సామాను పెట్టెలతోపాటు అదీ ఎక్కించుకుని వెళ్ళారు. నేను వీధి మలుపు దాకా పరిగెత్తాను. మీరు వాహనంలోంచి తల బయటపెట్టి, "జాగ్రత్త, పడతావు" అన్నారు. పడ్డాను కూడా.

ఇప్పుడు ఏడాదికి నాలుగు రోజులు వస్తుంది. ఆ నాలుగు రోజుల్లో ఒక మెట్టు మీద ఒక పూట నాకు దొరికింది. మీకు మిగతా మూడు వందల అరవై ఒకటీ ఉన్నాయి. మీకు ఈ ఒక్కటీ కూడా కావాలి.

కాబట్టి గుమాస్తాకు సరేనని చెప్పేశాను. ఫోటో పంపాను.

మీ ఇంటికి కొత్త బాడీ వస్తోందన్న సంగతి చదివాక నేనూ ఇక్కడి దుకాణానికి వెళ్ళాను. అదే రకం అడిగి చేతిలోకి తీసుకున్నాను. దుకాణంవాడు, "ఏ లెన్సు పెట్టి చూపించమంటారు సార్?" అన్నాడు. "వద్దు, ఊరికే పట్టుకుంటాను" అన్నాను. కాసేపు పట్టుకుని తిరిగి ఇచ్చేశాను. ఇంటికి వచ్చాక కూడా అరచేతిలో ఆ బరువు అలాగే ఉంది. లెన్సే ముఖ్యమని మీకు రాసింది నేనేనని గుర్తు చేసి మా ఆవిడ అన్నం వడ్డించింది.

బావమరిది

*

మార్చి 18

బావమరిదికి,

విషయం: పరీక్షా నివేదిక.

ముందుగా ఒక సవరణ. బాడీ కొనలేదు. రెండు రోజులకు అద్దెకు తెచ్చాను. పరీక్షించకుండా నేను సబ్బు కూడా కొననని నీకు తెలుసుననుకున్నాను. తెలియదని నీ లేఖ వల్ల తెలిసింది.

పరీక్ష పద్ధతి ఇది. ఒకే వస్తువు, ఒకే దూరం, ఒకే వెలుగు. ఒక్కసారి ఒక్కటే మార్చాలి. మొదట పాత బాడీకి నా జూమ్ లెన్సు, తర్వాత పాత బాడీకి నీ లెన్సు, చివరగా కొత్త బాడీకి, పాత లెన్సు దానికి నేరుగా అతకదు గనక దుకాణంవాడు ఇచ్చిన అడాప్టరు మధ్యలో పెట్టి, నీ లెన్సు. వస్తువుగా మా కార్యాలయంలోని ఒక కిలో ప్రామాణిక తూకపు రాయిని వాడాలనుకున్నాను గానీ, దాన్ని ఇంటికి తేవడం నిబంధనలకు విరుద్ధం. కాబట్టి మీ అక్కను వాడాను.

కుర్చీ కాళ్ళ చుట్టూ సుద్దతో గీతలు గీశాను. పక్కన నంబరు పలక పెట్టాను. రెండు రోజుల్లో మొత్తం రెండు వందల పద్నాలుగు ఫోటోలు. ఆమె సహకారం మొదటి అరవై వరకు సంతృప్తికరంగా ఉంది.

"కదలొద్దు" అన్నాను.

"ఊపిరి పీల్చుకోవచ్చా?" అంది.

"షట్టరు వేగం నూట ఇరవై ఐదో వంతులో ఉంది కనక పీల్చుకోవచ్చు" అని సాంకేతికంగా సరైన సమాధానమే ఇచ్చాను.

"నవ్వమంటారా?"

"వద్దు. నవ్వితే ఈ ఫోటోకీ ముందు ఫోటోకీ పోలిక చెడుతుంది."

ఆ తర్వాత ఆమె అడిగింది ఒక్కటే, "ఇంకెన్ని?" అని.

ఫలితాలు. నీ లెన్సు నా జూమ్ కంటే అన్నివిధాలా మెరుగని తేలింది. ఇది నీ అభిప్రాయంతో ఏకీభవిస్తోంది. ఏకీభవించినందుకు విచారిస్తున్నాను. కొత్త బాడీ పాతదానికంటే సూక్ష్మ వివరాలను ఎక్కువ పట్టింది. పాత బాడీతో తీసిన వాటిలో మీ అక్క విసుగ్గా ఉన్నట్టు అనుమానం మాత్రమే కలుగుతుంది. కొత్త బాడీతో తీసిన వాటిలో ఆ విసుగు నలభై ఐదు మెగాపిక్సెళ్ళలో, కనురెప్పల దాకా స్పష్టంగా ఉంది.

కాగా లోపం బాడీలో లేదు, లెన్సులో లేదు. పరిశీలనకు మిగిలింది కెమెరా వెనక నిలబడ్డ మనిషి. ఆ మనిషిని మార్చే అధికారం ఈ కార్యాలయానికి లేదు.

ఇక్కడితో నివేదిక ముగిసింది. ఇకపై రాసేది నివేదికలో భాగం కాదు.

నువ్వు పంపిన వివరాలన్నీ అనుసరించాను. అదే తెరుపు, అదే వేగం, పదీ నలభైకే, తెల్లగోడ లేదు గనక దుప్పటి కట్టాను. బఠాణీలు కూడా తెచ్చాను. ఒలిచింది. నవ్వలేదు. నువ్వు దాచిన ఆ ఒక్క మాటే తక్కువైందని నాకు అర్థమవుతోంది. ఇరవై రెండేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. ఆమె చెప్పుల చప్పుడును బట్టి ఆ రోజు పాఠశాలలో ఏం జరిగిందో చెప్పగలను. అలాంటిది, ఆమెను అంతగా నవ్వించే సంగతి ఒకటి లోకంలో ఉండి, అది నీకు తెలిసి, నాకు తెలియకుండా ఉంది. నా గురించి కాదని మాత్రం ఖాయం. నాలో నవ్వడానికి ఏముందా అని ఎంత వెతికినా నాకేమీ దొరకలేదు.

నువ్వు వీధి మలుపు దాకా పరిగెత్తిన రోజు నాకు గుర్తుంది. వెనక్కి చూసింది నేనొక్కణ్ణే కాదు. మీ అక్క సగం దారి దాకా వెనక్కే చూస్తూ కూర్చుంది. నేను ఇటువైపు కూర్చుని ఆమె జడ చూశాను.

పోటీ నుంచి తప్పుకుంటున్నాను. ఏడో మేకుకు నీ ఫోటో తగిలించుకోవచ్చని గుమాస్తాతో చెబుతాను. ఆ మాటేమిటో చెబితే చెప్పు. చెప్పకపోతే మళ్ళీ అడగను.

నీ బావ

*

మార్చి 27

బావా,

ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చదివాక అక్కకిచ్చిన మాట తప్పాలని నిర్ణయించుకున్నాను.

ఆ ఫోటో తీయడానికి ముందురోజు మనం నలుగురం మా కూరగాయల బజారుకు వెళ్ళాం. మీరు సెలవులో ఉన్నారు. అది మా ఊరు, మీ పరిధి కాదు. అయినా బఠాణీలు అమ్మేవాడి కాటా ముందు మీ కాళ్ళు ఆగిపోయాయి. "పళ్ళెం ఒకసారి ఎత్తవయ్యా" అన్నారు. ఎత్తాడు. అడుగున అయస్కాంతం ముక్క ఉంది. అక్కడే అరగంట సేపు అతనికి తూకం చట్టం వివరించారు. చుట్టూ జనం మూగారు. వినేసరికి అతనికి ఏడుపు వచ్చినంత పనైంది. మీకు అతని మీద జాలేసింది. అతని దగ్గరే నాలుగు కిలోలు కొన్నారు. నలుగురం మనుషులం, నాలుగు కిలోల బఠాణీలు. అందుకే మర్నాడు పొద్దున్నుంచీ అక్క ఒలుస్తూ కూర్చుంది. మీరు ఆ ముక్క ఏ రకం అయస్కాంతమో కనుక్కోవడానికి బయటికి వెళ్ళారు.

నేను కెమెరా ఒక చేత్తో పట్టుకుని, కళ్ళద్దాలు నుదుటి మీదకు తోసి, ఒక కనుబొమ్మ మాత్రం ఎత్తి, బఠాణీల గిన్నె మీద వంగి, "ఎవరూ ఊపిరి వదలొద్దు, ముల్లు కదులుతోంది" అన్నాను. ముందురోజు బజారులో కాటా మీద వంగి మీరు అన్నట్టే, మీ గొంతుతోనే అన్నాను. అక్క నవ్వడం మొదలుపెట్టింది. "ఇక చాలు, ఆపరా" అని చెయ్యి ఎత్తింది. నేను నొక్కాను.

అదీ సంగతి. "ఈ సంగతి ఆయనకి చెప్పకు" అని అక్క అక్కడే అంది. ఎందుకే అన్నాను. "తెలిస్తే జాగ్రత్త పడిపోతార్రా. ఇంక ఎప్పుడూ అలా ఉండరు. నాకు మళ్ళీ దొరకదు" అంది.

నేను కూడా ఎవరికీ చెప్పలేదు. నా కారణం వేరు. ఆ ఫోటో చూసి లోకమంతా నన్ను మెచ్చుకుంటుంది. ఎంత చనువో, అక్కాతమ్ముళ్ళంటే ఇలా ఉండాలి అంటారు. నేను తలూపుతాను. అక్క అలా నవ్వింది నన్ను చూసి కాదని నాకు రెండేళ్ళుగా తెలుసు. నా వంటింటి మెట్టు మీద, నా లెన్సు ముందు, నేను నిలబడి ఉంటే, ఆమెకు కనిపించింది మీరు. ఆ పూట కూడా మీదే. మూడు వందల అరవై రెండు అయింది.

ఇంకొకటి చెప్పి ముగిస్తాను. మీరు కొన్నారనుకుని నేను ఆ బాడీ కొనేశాను. అద్దెకు తెచ్చారని మీ ఉత్తరం వచ్చేసరికి పెట్టె విప్పి నాలుగు రోజులైంది. ఇప్పుడు నా దగ్గర నలభై ఐదు మెగాపిక్సెళ్ళ బాడీ ఉంది. దానికి తగిలించడానికి లెన్సు లేదు. ఉన్న ఒక్కటీ మీ పరీక్షలో ఉంది. మా ఆవిడ ఈ విషయమై ఏమీ అనడం లేదు. అనకుండా ఉండటం వారం రోజులుగా సాగుతోంది.

బావమరిది

*

ఏప్రిల్ 24

బావమరిదికి,

సూచిక: నీ లేఖ, తేదీ మార్చి 27. జవాబు ఆలస్యమైనందుకు కారణాలు కింద వివరించడమైనవి.

మొదట వరండా సంగతి. గుమాస్తా నీ ఫోటోకు ఫ్రేము కట్టించి, నిచ్చెన ఎక్కి, తగిలించబోతుండగా మీ అక్క గదిలోంచి బయటికి వచ్చింది. అతను నాకు చెప్పినది చెప్పినట్టు రాస్తున్నాను.

"ఎవరు పెట్టమన్నారు దీన్ని?" అందట.

"మీ వారే ఒప్పుకున్నారు మేడమ్."

"ఆయన ఒప్పుకుంటే ఆయన్ని తగిలించు. నేను ఇలా పళ్ళికిలిస్తూ గోడెక్కితే రేపటినుంచి ఒక్క పిల్లయినా టైముకి డ్యూటీకొస్తుందా? దించు."

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి నా పరీక్షా ఫోటోలన్నీ చూపించమంది. వద్దన్నాను. చూపించాను. రెండు వందల పద్నాలుగూ చూసి నూట ముప్పై ఏడో నంబరు దగ్గర ఆగింది. కొత్త బాడీకి నీ లెన్సు పెట్టి తీసినది. "ఇంకెన్ని?" అని నన్ను అడిగిన మరుక్షణం అది. ఆ చూపు చూసి నేను అప్పుడే కెమెరా ఒకసారి కిందికి దించాను.

"ఇదే కావాలి" అంది.

పెట్టి పది రోజులైంది. ఆ వరండాలో ఇప్పుడు ఎవరూ పరిగెత్తడం లేదట. ఆలస్యంగా వచ్చే పిల్లలు వెనక మెట్ల మీదుగా తిరిగి వెళుతున్నారట. కింద ఇత్తడి రేకు మీద నా పేరుంది. ముగ్గురు అధ్యాపకులు, "మేడమ్‌ని ఉన్నదున్నట్టు పట్టారండీ" అని నన్ను అభినందించారు. నేను కోరింది కోరినట్టు జరిగింది. జరిగాక తెలిసింది, ఆమె నన్ను చూసే చూపుల్లో ఏది వరండాకెక్కిందో, ఏది మా ముందుగదికెక్కిందో. ఫ్రేము కట్టిన నీ ఫోటో ఇంటికి తెచ్చాను. ఇప్పుడు మాకు అవి రెండున్నాయి. నిన్న పాలవాడు అడిగాడు. ఇరవయ్యోసారి చెప్పాను.

రెండోది నీ లేఖ సంగతి.  చదివిన నాలుగో రోజు, ఆ నవ్వుకు మూలం నేనే అయినప్పుడు దాన్ని తెప్పించడానికి మరొకరి సహాయం ఎందుకన్న తర్కం తట్టింది. ఆదివారం పదీ నలభైకి మీ అక్క పత్రిక చదువుతుండగా ఎదురుగా నిలబడ్డాను. పాత బాడీ, నీ లెన్సు, అన్నీ సిద్ధం. కళ్ళద్దాలు నుదుటి మీదకు తోశాను. ఒక కనుబొమ్మ ఎత్తాను. నాకు ఒక్కటి లేవదు, రెండూ లేచాయి. "ఎవరూ ఊపిరి వదలొద్దు, ముల్లు కదులుతోంది" అన్నాను.

ఆమె పత్రిక దించి నా కనుబొమ్మలు చూసింది.

"ఏమైందండీ? తలనొప్పా?" అంది.

నీ పేరు బయటపెట్టక తప్పలేదు. విని కోప్పడలేదు. "ఏదీ, మళ్ళీ చెయ్యండి" అంది. చేశాను. మూడుసార్లు చేశాను. ఎంతో ఓపిగ్గా చూసి, ఒక పరీక్షాధికారి చెప్పవలసిన పద్ధతిలో చెప్పింది: "లేదండీ. మీకు రాదు. వాడు వేస్తే మీరు మీలాగే ఉంటారు. మీరు వేస్తే ఎవరోలా ఉన్నారు."

బావమరిదీ, ఇప్పటిదాకా నీ లెన్సు చూసి అసూయపడ్డాను, నీ మెట్టు చూసి అసూయపడ్డాను, నువ్వు ఆమెతో మాట్లాడే ముప్పావుగంట చూసి అసూయపడ్డాను. వాటికన్నిటికీ ఏదో ఒక ఆధారం ఉంది. నేనుగా ఉండటంలో కూడా నాకంటే నువ్వే నయమని నా భార్యే తేల్చడం మాత్రం, ఇరవై మూడేళ్ళ సర్వీసులో నేను ఊహించని తనిఖీ.

కాబట్టి కింది ఉత్తర్వు జారీ చేయడమైనది. బాడీ నీ దగ్గర ఉంది, లెన్సు నా దగ్గర ఉంది. దేనికది పనికిరాదు. అడాప్టరు నేను కొని ఉంచాను. మే నెలలో నువ్వు బాడీతో సహా, మీ ఆవిడతో సహా, ఇక్కడ నాలుగు రోజులు హాజరు కావలెను. మీ ఆవిడ మాట్లాడటం మొదలుపెట్టే దాకా ఆగనక్కర్లేదు, ఇక్కడికి వచ్చాక మీ అక్క మాట్లాడిస్తుంది. నువ్వు నా వెనక నిలబడి నాలాగా ఉండాలి. నేను నీ బాడీ పట్టుకుని మీట నొక్కుతాను. ఫోటో ఎవరిదన్న వివాదాన్ని తర్వాత ప్రత్యేకంగా విచారిద్దాం.

ప్రయాణపు తేదీ లిఖితపూర్వకంగా తెలియజేయి. ఈ ఉత్తరం మీ అక్క చదివింది. కనుబొమ్మ సంగతి రాయనక్కర్లేదంది గానీ, దాఖలా కోసం ఉంచాను.

ఇట్లు,
నీ బావ
(అసలు ప్రతి)